రిపీటమ్మ తిప్పి పంపిన నెత్తురు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆసుపత్రిలో అది హాజరు పట్టీకి తప్ప ఎవరికీ పనికిరాలేదు. గేటు కాపలాదారు నుంచి సూపరింటెండెంటు దాకా అందరి నోటా ఆమె రిపీటమ్మే. క్యాజువాలిటీని ఆనుకుని ఉన్న చిన్న ల్యాబులో ఇరవై రెండేళ్లుగా నెత్తురు పరీక్షలు చేస్తోంది. ఒక సింకు, ఒక ఫ్రిజ్, మోకాలి నొప్పికి తగ్గట్టు ఎత్తు పెంచుకున్న స్టూలు, ఎప్పుడూ గుర్రుమంటూ ఉండే మిషను, గోడలో రెండు చేతులు పట్టేంత కిటికీ. ఆ కిటికీలోంచి శాంపిళ్లు లోపలికి వచ్చేవి. వచ్చినవాటిలో చాలా భాగం అదే కిటికీ దగ్గర ఒకే ఒక్క మాటతో ఆగిపోయేవి. "రిపీట్."

లేబులు చెదిరితే రిపీట్. సిరంజిలో గాలి బుడగ కనబడితే రిపీట్. అన్నిటికంటే ముఖ్యం, నెత్తురు ఎన్ని గంటలకు తీశారో రాయకపోతే ఇక మాటే లేదు, రిపీట్. కిటికీ పైన ఎర్ర సిరాతో ఆమె స్వయంగా రాసిన అట్ట ఒకటి వేలాడుతుండేది: "టైము రాయని శాంపిల్ తీసుకోబడదు. ఆలస్యమైతే లాక్టేట్ పెరుగును." కింద రెండు గీతలు. ఆ గీతలు గీసినప్పుడు అట్ట చిరిగింది కూడా.

ఆమె పట్టుదలలో పస లేకపోలేదు. దెబ్బలు తగిలి వచ్చినవాడి లోపల నెత్తురు కారిపోతుంటే కండలకు గాలి అందదు. గాలి అందని కండలు ఎలాగోలా పని నడుపుకుంటాయి గానీ, నెత్తురులోకి ఆమ్లాన్ని వదులుతాయి. పైకి మనిషి బాగానే ఉంటాడు, బీపీ బాగానే ఉంటుంది, లోపల నెత్తురు మాత్రం పులిసిపోతూ ఉంటుంది. లాక్టేట్ అనే అంకె రెండు లోపు ఉంటే సరే. నాలుగు దాటితే పరిగెత్తాలి. అయితే తీసిన నెత్తురు సిరంజిలో ఊరికే కూర్చోదు. అందులోని కణాలు ఉన్న చక్కెరను తింటూ అదే లాక్టేట్‌ను పెంచుతూ పోతాయి. అందుకే టైము కావాలి. ఇంత చిన్న సంగతి ఎంబీబీఎస్ చదివినవాళ్ల బుర్రకెక్కడం లేదన్నదే ఆమె జన్మకంతటికీ సరిపడ్డ మంట.

ఇంట్లోనూ ఇదే వరస. భర్త డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాడు. పొద్దున్నే కాఫీ కలపడం ఆయన పని. కప్పు ఆమె చేతికిచ్చి, ఆమె మొహం చిట్లించేలోపే చెయ్యి చాపి "రిపీటా?" అని అడిగేవాడు. చాలాసార్లు రిపీటే. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్నది ఆమె తప్పు పట్టేలోపే కప్పు వెనక్కి తీసుకోవడం. అదే ఆయన దృష్టిలో సుఖసంసారం.

ఆమె ఎత్తిపొడుపులకు మొదటి బలి శాంపిళ్లు మోసుకొచ్చే అటెండరు. యాభై దాటిన మనిషి. చేతిలో స్టీలు ట్రే, నడకలో నత్త. క్యాజువాలిటీలో సిరంజి అందుకుని, ఎక్స్‌రే గది దగ్గర ఆగి, ఆడవార్డులో ఇంకో రెండు గొట్టాలు ఎక్కించుకుని, క్యాంటీను ముందు పలకరింపులన్నీ ముగించుకుని వచ్చేవాడు. ఇరవై అడుగుల దూరానికి ఇరవై నిమిషాలు. ఒక్కొక్కదానికి ఒక్కోసారి తిరగడం దండగని, ట్రే నిండాకే కదలాలని ఎవరో ఎప్పుడో పెట్టిన పద్ధతి. ఆ ఎవరో ఎవరో ఎవరికీ గుర్తులేదు, పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏం తమ్ముడూ, ఊరేగించి తెచ్చావా? మేళం పెట్టించలేకపోయావా?"

"ట్రే నిండాలి కదక్కయ్యా."

"నిండిందిలే. టైము ఏదీ?"

"డాక్టరుగారు రాయలేదు."

"అయితే డాక్టరుగారినే పరీక్ష చేసుకోమను. రిపీట్."

సిరంజి చెత్త వేసే పసుపు బుట్టలో పడేది. చీటీ మీద ఎర్ర సిరాతో "టైము లేదు. రిపీట్" అని పడేది. ఆమె దగ్గర పొడవాటి రిజిస్టరు ఉంది. తిప్పి పంపిన ప్రతిదీ అందులో ఎక్కుతుంది. మళ్లీ శాంపిల్ వస్తే పక్క గడిలో నీలం టిక్కు. రాకపోతే సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఎర్ర సిరాతో "రాలేదు". ఆ "రాలేదు" రాసేటప్పుడు ఆమె పెదవి ఒక పక్కకు విరిగేది. చూశారా, మళ్లీ తీయడానికి కూడా ఒళ్లు వంగలేదు వీళ్లకు అనుకునేది. ఏడాదికోసారి జరిగే మీటింగులో ఆ రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లి, ఎన్ని "రాలేదు"లు ఉన్నాయో చదివి వినిపించి, డాక్టర్లు కిక్కురుమనకుండా తలలు దించుకుంటుంటే తృప్తిగా కూర్చునేది.

తల దించనివాడు ఒక్కడే, పెద్ద సర్జను. ఆయన్ని అందరూ చాటుగా చూపు డాక్టరు అనేవాళ్లు. గుమ్మంలో నిలబడి రోగి వంక ఒక్క చూపు చూసి రోగం చెప్పేసేవాడు. పదిసార్లలో ఏడుసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది. మిగతా మూడుసార్లు ఎవరి కొంప మునిగిందో ఆయన ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు. మనిషి మంచివాడే, చెయ్యి కూడా మంచిదే, కళ్లే నెత్తికెక్కాయి. అంకెలంటే ఆయనకు చులకన. తనకు నచ్చిన అంకె వస్తే "నేను చెప్పలా" అనేవాడు. నచ్చనిది వస్తే "ల్యాబు తప్పు" అనేవాడు. రిపీటమ్మ అట్ట పెట్టిన నాటి నుంచి మాత్రం ఆయనకు ఇంకా నాజూకైన మాట దొరికింది. "లేట్ శాంపిల్." ఆమె ఉలి నూరి పెట్టింది, ఆయన సుత్తి అందుకున్నాడు. కుర్ర డాక్టర్లను కిటికీ దగ్గరికి తీసుకొచ్చి అట్ట చూపించి, "ఇదిగో, ల్యాబువాళ్లే ఒప్పుకుంటున్నారు" అని నవ్వేవాడు కూడా. లోపల స్టూలు మీద ఆమె పళ్లు నూరుకునేది.

ఆ రోజు పదిన్నరకు క్యాజువాలిటీకి ఒక లిఫ్టు మెకానిక్కును తెచ్చారు. ఏదో ఆఫీసు మేడలో రెండో అంతస్తు నుంచి జారి కింద ఆగి ఉన్న లిఫ్టు పెట్టె మీద పడ్డాడు. నలభై ఏళ్ల మనిషి. చొక్కా నిండా గ్రీజు, ఎడమ పక్కటెముకల మీద కమిలిన మచ్చ. మూడో నంబరు బెడ్ మీద కూర్చుని, ఏడుస్తున్న వాళ్లక్కను ఓదారుస్తున్నాడు. "ఏడవకే అక్కా, రోజూ ఎక్కి దిగేవాణ్ని, ఇవాళ దిగడం ఒక్కటే కాస్త తొందరగా జరిగింది" అంటుంటే సిస్టరు కూడా నవ్వింది. చూపు డాక్టరు గుమ్మంలోంచి చూశాడు. బీపీ నూట ఇరవై. "ఎముక చిట్లింది, అంతే. స్కానింగు మధ్యాహ్నం చేయించండి" అని వెళ్లిపోయాడు.

పది నలభైకి అతని నెత్తురు తీశారు. అది ట్రేలోకెక్కి, ట్రే నిండి, పదకొండుకి కాస్త అటూ ఇటూగా కిటికీ దగ్గరికి చేరింది. చీటీ మీద అన్నీ ఉన్నాయి, టైము లేదు.

"రిపీట్," అంది ఆమె, తల ఎత్తకుండానే. సిరంజి బుట్టలో పడింది.

రెండోసారి తీసింది పదకొండుంపావుకి. ఈసారి సిస్టరు టైము రాసింది. పదకొండున్నరకు అది మిషనులోకి వెళ్లింది. రెండు నిమిషాల్లో కాగితం బయటికి వచ్చింది. లాక్టేట్ ఆరు పాయింట్ ఎనిమిది. ఆమ్లాన్ని తట్టుకునే నిల్వ ఎంత తరిగిందో చెప్పే బేస్ డెఫిసిట్ పదకొండు. రెండు దాటకూడనిది అది. ఆమె పెద్ద సర్జనుకు ఫోను చేసింది.

"సార్, లిఫ్టు మెకానిక్కుకి లాక్టేట్ ఏడు దగ్గరకొచ్చింది. లోపల ఎక్కడో కారుతోంది సార్."

"మూడో బెడ్డేగా? ఇందాకే చూశానమ్మా. కూర్చుని జోకులేస్తున్నాడు."

"మనిషి జోకులేస్తాడు సార్, నెత్తురు వెయ్యదు."

అవతల చిన్న నవ్వు. "ట్రేలో ఎంతసేపు తిరిగిందో ఏమో! ఆలస్యమైతే పెరుగుతుందని అంత అట్ట కట్టింది నువ్వే కదమ్మా?"

"పదిహేను నిమిషాలే సార్! అసలు అరగంట ఆలస్యమైతే పెరిగేది అరపాయింటు. రెండు ఉండాల్సింది ఏడవుతుందా ఎక్కడైనా? అరపాయింటు తీసేసి చూడండి, అయినా ఆరు మిగుల్తోంది!"

"సరే సరే. రిపీట్ పంపిస్తారులే." ఫోను పెట్టేశాడు.

ఇరవై రెండేళ్లలో ఆసుపత్రిలో ఆ మాట తన పరీక్షకే తగలడం ఆమెకు అదే మొదటిసారి. తల తీసేసినంత పనైంది. రిసీవరు పెట్టేసింది. తర్వాత మోకాలి నొప్పిని, స్టూలుని, కిటికీని వదిలేసి, ఖాళీ సిరంజి ఒకటి జేబులో వేసుకుని క్యాజువాలిటీలోకి నడిచింది. ఆమె ల్యాబు దాటి ఇవతలికి రాగా చూసినవాళ్లు తక్కువ. అటెండరు ట్రేతో సహా గోడకు అంటుకుపోయాడు.

మెకానిక్కు ఇప్పుడు జోకులు వేయడం లేదు. ఆవులిస్తున్నాడు. నుదుటి మీద చెమట. "దాహమేస్తోందండీ, కాసిని మంచినీళ్లు ఇప్పించరూ?" అని ఆమెనే అడిగాడు, ఎవరో తెలియక.

"సిస్టర్, నా ఎదురుగా తియ్యి."

"అక్కా, ఇంతకుముందే రెండుసార్లు పొడిచాం, పాపం..."

"తియ్యమ్మా!"

సిస్టరు తీసింది. పదకొండు నలభై ఎనిమిది. ఆమె ఆ సిరంజిని గుప్పిట్లో పెట్టుకుని, కుంటుతూనే, దాదాపు పరుగున, వెనక్కి వెళ్లింది. యాభైకల్లా మిషనులో పెట్టింది. ఎనిమిది పాయింట్ రెండు. చేతి నుంచి మిషనుకు రెండే నిమిషాలు, దీనికి ఏ పేరు పెడతాడో పెట్టమను. కాగితం మీద టైము రాసి, "నా ఎదుట తీశారు, నేనే తెచ్చాను, నేనే చేశాను" అని రాసి, సంతకం చేసి, పెద్ద సర్జను గదికి వెళ్లింది. ఆయన ముందు నలుగురు కుర్ర డాక్టర్లు, నాలుగు టీ కప్పులు.

కాగితం ఆయన కప్పు పక్కన పెట్టింది. "రిపీట్ తెచ్చాను సార్. లేట్ కాదు. ఇంకోటి కావాలంటే మీరే వచ్చి తియ్యండి, ఈలోపు ఆ మనిషి ఉంటే."

కుర్ర డాక్టర్లు టీ మింగడం మానేశారు. చూపు డాక్టరు కాగితం చూశాడు. పైన అంకె, కింద అరగంట ముందరి అంకె. లేచాడు. ఆ మాత్రం న్యాయం ఆయనకు చేయాలి, లేచాక మళ్లీ కూర్చోలేదు. క్యాజువాలిటీకి వెళ్లేసరికి బీపీ ఎనభైకి పడిపోయింది. పన్నెండుంపావుకి పొట్ట తెరిచారు. ప్లీహం చితికిపోయి ఉంది, లోపల రెండు లీటర్ల నెత్తురు. ఇంకో పావుగంట ఆగి ఉంటే తెరవాల్సిన అవసరం ఉండేది కాదని మత్తు డాక్టరు తర్వాత చెప్పాడు.

మనిషి బతికాడు. ఆ వారం కేసుల మీటింగులో పెద్ద సర్జను, "నాకు మొదట్నుంచీ ఆ కేసు మీద అనుమానంగానే ఉంది" అన్నాడు. అందరూ తలలూపారు. కుర్ర డాక్టర్లు రాసుకున్నారు కూడా. రిపీటమ్మ ఇంటికెళ్లాక భర్త ఇచ్చిన కాఫీ వంక వంకర నవ్వు నవ్వి, వంక పెట్టకుండా తాగింది. డ్రాయింగు మాస్టారు కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

తొమ్మిదో రోజున మెకానిక్కు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో వాళ్లక్క భుజం పట్టుకుని.

"అమ్మా, మీరేనటగా. దండం పెడదామని వచ్చాం," అంది వాళ్లక్క.

అతనికి దండాల కంటే మిషను మీదే కన్ను ఉంది. మెకానిక్కు బుద్ధి ఎక్కడికి పోతుంది? లోపలికి తొంగి చూసి, అది ఎలా పనిచేస్తుందో అడిగాడు. ఆమె చెప్పింది. ఎవరికీ ఇంత ఓపికగా చెప్పి ఉండదు. సిరంజి ఎక్కడ పెడతారో, అంకె ఎక్కడ వస్తుందో చూపించింది. గర్వంగానే చూపించింది.

"నాకు మూడుసార్లు తీశారండీ నెత్తురు. రెండోదాంట్లో దాదాపు ఏడు, మూడోదాంట్లో ఎనిమిది చిల్లర అన్నారు. మరి మొదటిదాంట్లో ఎంత వచ్చింది?"

"మొదటిది చెయ్యలేదు. దాని మీద టైము లేదు."

"ఓహో." అతనేమీ నొచ్చుకోలేదు. తలూపాడు. "మాకు కూడా అలాంటివి తగుల్తుంటాయండీ. లిఫ్టులో అలారం గంట ఉంటుంది చూశారూ, పిల్లలు ఊరికే నొక్కుతుంటారు. పదిలో తొమ్మిది ఉత్తివే. అయినా పోయి చూసొస్తాం. లోపల ఎవరున్నారో ఇక్కడ కూర్చుంటే తెలీదు కదా."

"నీ వాగుడు ఆపరా, కుట్లు తెగుతాయి," అంది అక్క. ఇద్దరూ మెల్లగా వెళ్లిపోయారు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. అరగంటకు అరపాయింటు. ఆ మాట తను ఫోనులో అరిచి మరీ చెప్పింది. ఆ మొదటి సిరంజి గంట ఆలస్యమై ఉన్నా సరే, ఒక పాయింటు తీసేసుకుంటే తెలిసిపోయేది. పదకొండుకే తెలిసిపోయేది. ఎంత వచ్చేదో ఏమో గానీ, రెండు మాత్రం వచ్చేది కాదు. ఈ లెక్క పెద్ద సర్జనుకు తెలియకపోవడం వింత కాదు. ఆమెకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లలేదు. రిజిస్టరు తెరిచింది. ఎర్ర సిరా "రాలేదు"లు. మీటింగుల్లో గొంతెత్తి చదివిన "రాలేదు"లు. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది. పోయిన వానాకాలం, నాలుగో నంబరు బెడ్, గోడ కూలి మీద పడిన ఆడమనిషి. టైము లేదు. రిపీట్. రాలేదు. నంబరు ఒక చీటీ మీద రాసుకుని, మెట్లు దిగి, రికార్డుల గదికి వెళ్లింది.

రికార్డుల గుమస్తా ముక్కు మీది దుమ్ము తుడుచుకుంటూ ఫైలు వెతికి ఇచ్చాడు. "ఏంటమ్మా, ఎవర్నో పట్టించడానికేనా?" అని నవ్వాడు. ఆమె ఎందుకు ఫైళ్లు అడుగుతుందో అందరికీ తెలిసిందే.

సన్నటి ఫైలు. చివరి కాగితానికి పిన్నుతో తన చీటీ గుచ్చి ఉంది. ఎర్ర సిరా, తన చేతిరాత: "టైము లేదు. రిపీట్." కింద ఎప్పుడు తిప్పి పంపిందో నిమిషంతో సహా రాసుకుంది, పద్ధతి ప్రకారం. మూడు ఐదు. ఆ కాగితం అడుగున సిస్టరు ఇంకో టైము రాసింది. రోగి చనిపోయిన టైము. మూడు ఇరవై ఐదు.

మళ్లీ శాంపిల్ రాలేదంటే తీయడానికి ఎవరికో ఒళ్లు వంగక కాదు.

"దొరికాడా దొంగ?" అన్నాడు గుమస్తా.

ఆమె ఫైలు మూసింది. రిజిస్టరులో ఇంకెన్ని ఉన్నాయో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. కుదరలేదు. ఇంకో నంబరు అడగడానికి నోరు తెరిచింది, అదీ కుదరలేదు. మెట్లన్నీ గోడ పట్టుకుని ఎక్కింది.

పైకి వచ్చేసరికి కిటికీ దగ్గర అటెండరు ట్రేతో నిలబడి ఉన్నాడు. ట్రేలో ఒకటే సిరంజి. చీటీ మీద టైము లేదు. ఆమె మొహం చూసి, అడగకుండానే తనే సిరంజి ట్రేలో సర్దుకుని వెనక్కి తిరిగాడు.

"తెలుసులే అక్కయ్యా, రిపీట్. ఇక్కడే కదా, మళ్లీ తీయించుకొస్తా."

"ఆగు తమ్ముడూ!"

ఆ కేకకు అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె కిటికీలోంచి రెండు చేతులూ బయటికి చాపింది. సిరంజి అందుకుని మిషనులో పెట్టి, చీటీ మీద టైము రాయాల్సిన చోట ఎర్ర సిరాతో "తెలియదు" అని రాసింది. అంకె వచ్చేదాకా స్టూలు మీద కూర్చోలేదు.